పందొమ్మిదో ఏట ఎత్తిన కర్ర

కండక్టర్ అంటే మా ఊళ్లో అందరికీ గుర్తొచ్చేది బస్సులో టికెట్లు కొట్టే కండక్టరే. బి.ఎస్సీ.లో చేరాక ఫిజిక్సులో ఇంకో కండక్టర్ తగిలింది, రాగితీగ. మూడో రకం కండక్టర్ కూడా ఉంటాడని నాకు తెలిసింది నిరుడే. మా లైబ్రరీలో రికార్డు రాసుకోడానికి ఏదో వెతుకుతుంటే ఒక పాత పుస్తకం చేతికొచ్చింది. దాని అట్ట మీద తెల్లటి మీసాలతో, చేతిలో సన్నటి పుల్లతో ఒక ముసలాయన ఉన్నాడు. ఎవరినో ఇప్పుడే తిట్టబోతున్నట్టుంది ఆ చూపు. ఆయన పేరు ఆర్తురో తోస్కనీని. రికార్డు ఆ పూటకి పక్కన పడింది.

పాశ్చాత్య సంగీతం గురించి నాకు తెలిసింది తక్కువ. అందుకని కండక్టర్ చేసే పని ఏమిటో ముందు నాకు నేను చెప్పుకోవలసి వచ్చింది. పెద్ద ఆర్కెస్ట్రాలో ఎనభై తొంభై మంది కూర్చుంటారు. ఎవరి ముందున్న కాగితంలో వాళ్లు వాయించవలసిన వరస మాత్రమే ఉంటుంది. అన్ని వరసలూ ఒకదాని కింద ఒకటి రాసిన పెద్ద పుస్తకం కండక్టర్ దగ్గరే ఉంటుంది. మా ఊరి చెరువు కింద నీరటి ఉండేవాడు. నాగలి పట్టేవాడు కాదు, నాట్లు వేసేవాడు కాదు. తూము ఎప్పుడెత్తాలి, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలి అన్నది మాత్రం ఆయన చేతిలో ఉండేది. ఆయన లెక్క తప్పితే చివరి మడి ఎండేది. కండక్టరూ అంతే, ఒక్క స్వరమూ తాను వాయించడు.

తోస్కనీని 1867 మార్చి 25న ఇటలీలోని పార్మా పట్నంలో పుట్టాడు. తండ్రి దర్జీ, గారిబాల్డీ వెంట యుద్ధానికి వెళ్లినవాడు. ఇంట్లో డబ్బు లేదు. కుర్రాడు తొమ్మిదేళ్లకే సంగీత పాఠశాలలో చేరి సెల్లో నేర్చుకున్నాడు. మన వయొలిన్‌కి పెద్దన్నలాంటి వాద్యం అది, కూర్చుని మోకాళ్ల మధ్య పెట్టుకుని వాయిస్తారు. చదువవగానే ఒక ఒపెరా కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఆ కంపెనీతోపాటు ఓడెక్కి దక్షిణ అమెరికా వెళ్లాడు.

1886 జూన్ 30, రియో డి జనీరో. ఆ రాత్రి వెర్డీ రాసిన 'ఐదా' ఆడాలి. కంపెనీ కండక్టర్ బ్రెజిల్ మనిషి. ఇటలీ వాళ్లతో తగాదా పడి మానేశాడు, మానేసి పత్రికకి కూడా ఎక్కాడు. ఊరి జనం ఆయన పక్షం. బదులుగా ఇంకొకాయన పైకెక్కితే అరిచి గోల చేసి దింపేశారు. ఆట ఆగిపోతే కంపెనీ మునుగుతుంది, పరాయి దేశంలో అందరూ రోడ్డున పడతారు. అప్పుడు తోటివాళ్లు వెనక సెల్లో వాయించే పందొమ్మిదేళ్ల కుర్రాణ్ణి ముందుకి తోశారు. ఒపెరా అంతా అతనికి కంఠతా వచ్చని వాళ్లకి తెలుసు. అతను వెళ్లి, ముందున్న పుస్తకం మూసేసి, కర్ర ఎత్తాడు. గోల చేద్దామని వచ్చినవాళ్లు ఆ మూసిన పుస్తకం చూసి నోళ్లు మూసుకున్నారు. మొదటి అంకం అయ్యేసరికి చప్పట్లు. మిగిలిన సీజనంతా ఆ కుర్రాడే కండక్టర్.

నాకిప్పుడు ఇరవై ఏళ్లు. పోయిన ప్రాక్టికల్స్‌లో వైవాకి కూర్చుంటే, ఇంటర్‌నించీ చదువుతున్న ఓమ్ నియమం నోటికి రాలేదు. అందుకే ఆ రాత్రి సంగతి ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

ఆయనకి చిన్నప్పటినించీ చూపు దగ్గరది మాత్రమే ఆనేది. ఎదురుగా పెట్టిన పుస్తకంలో అక్షరాలు కనిపించేవి కావు. కాబట్టి బట్టీ పట్టక తప్పలేదు. అయితే ఆయన బట్టీ మనం పరీక్ష ముందు పట్టేలాంటిది కాదు. ఏ వాద్యం ఏ క్షణంలో ఏ స్వరం ఎంత మెల్లగా పలకాలో మొత్తం తలలో ఉండేది.

నాకు ఇంకా నచ్చింది మరొకటుంది. రియోలో అంత పేరొచ్చాక కూడా 1887లో మిలాన్‌లోని లా స్కాలా నాటకశాలలో మళ్లీ మామూలు సెల్లో వాద్యగాడిగా కూర్చున్నాడు. అక్కడ వెర్డీ కొత్త ఒపెరా 'ఒథెల్లో' మొదటిసారి ఆడుతోంది. రాసినాయన ఎలా చేయిస్తాడో దగ్గరుండి చూడాలి, అంతే.

1898లో అదే లా స్కాలాకి పెద్ద అయ్యాడు. ఆడవాళ్లు పెద్ద టోపీలు తీసి కూర్చోవాలన్నాడు, ఆట జరుగుతుంటే హాల్లో దీపాలు తగ్గించాడు, వన్స్‌మోర్‌లు వద్దన్నాడు. 1903లో జనం ఒక పాట మళ్లీ పాడించమని పట్టుబడితే మధ్యలోనే లేచి ఇంటికి వెళ్లిపోయాడు. మూడేళ్లు ఆ గడప తొక్కలేదు. ఈ విషయంలో మాత్రం నేను ఆయన పక్షం కాదు. మా తాత కురుక్షేత్రం నాటకంలో కృష్ణుడి పద్యానికి తెల్లారేదాకా వన్స్‌మోర్ కొట్టిన మనిషి.

అయినా ఆయన పట్టుదల అర్థమవుతుంది. రాసినవాడు రాసిందే వినిపించాలి, పాడేవాడి గొప్పకోసమో వినేవాడి సరదాకోసమో మార్చకూడదు. పుచ్చీనీ 'తూరందోత్' పూర్తి చేయకుండానే 1924లో పోయాడు. మిగతాది ఇంకొకరు పూరించారు. 1926 ఏప్రిల్ 25న తొలి ప్రదర్శనలో, పుచ్చీనీ కలం ఆగినచోట తోస్కనీని కర్ర దించి, జనం వైపు తిరిగి ఆ మాటే చెప్పి, తెర వేయించాడు.

ఇక రాజకీయం. దాచడం ఎందుకు, 1919 ఎన్నికల్లో ముస్సోలినీ జాబితాలో అభ్యర్థిగా నిలబడి ఓడిపోయినవాడు ఈయనే. కొద్దికాలంలోనే కళ్లు తెరుచుకున్నాయి. ఫాసిస్టుల గీతం 'జోవినెజ్జా' సంగీత సభల్లో వాయించమంటే వాయించనన్నాడు. 1931 మే 14న బొలోన్యాలో నాటకశాల గుమ్మం దగ్గర ఫాసిస్టు కుర్రాళ్లు ఆయన్ని చుట్టుముట్టి మొహం మీద కొట్టారు. అప్పటికి ఆయనకి 64 ఏళ్లు. పాస్‌పోర్టు లాక్కున్నారు, ఇంటికి కాపలా పెట్టారు. పాట మాత్రం వాయించలేదు. ఫాసిస్టులు ఉన్నన్నాళ్లూ సొంత దేశంలో మళ్లీ కర్ర పట్టలేదు.

1933లో జర్మనీలోని బైరాయిత్ ఉత్సవానికి రమ్మని హిట్లర్ స్వయంగా ఉత్తరం రాశాడు. వెళ్లలేదు. అక్కడ ఉద్యోగాలు పోయిన యూదు వాద్యగాళ్లని పోగేసి హూబర్‌మన్ అనే వయొలిన్ విద్వాంసుడు పాలస్తీనాలో ఒక ఆర్కెస్ట్రా కట్టాడు. దానికి మాత్రం వెళ్లాడు. 1936 డిసెంబర్ 26న టెల్ అవీవ్‌లో దాని మొదటి కచేరీ ఆయన చేతి మీదుగానే జరిగింది. పైసా పుచ్చుకోలేదు, దారి ఖర్చులూ తనవే. ఆ ఆర్కెస్ట్రానే తరవాత మన బొంబాయిలో పుట్టిన జుబిన్ మెహతా 2019 దాకా ఎన్నో ఏళ్లు నడిపాడు.

డెబ్బై ఏళ్ల వయసులో, 1937లో, అమెరికాలో ఎన్.బి.సి. రేడియో కంపెనీ ఆయన కోసమే ఒక ఆర్కెస్ట్రా పెట్టింది. రిహార్సల్స్‌లో ఆయన నోరు మంచిది కాదు. కర్రలు విరిచేవాడు, పుస్తకాలు విసిరేవాడు, పెద్ద పెద్ద విద్వాంసుల్ని కూడా పిల్లల్ని తిట్టినట్టు తిట్టేవాడు. నియంత పాట వాయించనన్న మనిషి తన గదిలో తానే నియంత ఏమిటని అడగాలనిపిస్తుంది. తిట్లు తిన్నవాళ్లలో చాలామంది ఆయన్ని విడిచిపోలేదన్నది కూడా నిజమే. నేనైతే ఉండేవాణ్ణో లేదో.

యుద్ధంలో బాంబులకి కూలిన లా స్కాలాని మళ్లీ కట్టారు. 1946 మే 11న దాన్ని తెరవడానికి 79 ఏళ్ల తోస్కనీని తిరిగొచ్చాడు. యూదుడన్న కారణంతో 1938లో తీసేసిన బృందగాన శిక్షకుడు వెనెజియానీని మళ్లీ పనిలోకి తీసుకోవాలని పట్టుబట్టి తెప్పించాడు.

చివరి కచేరీ 1954 ఏప్రిల్ 4న, న్యూయార్క్ కార్నెగీ హాల్లో. ఆయనకి 87 ఏళ్లు. అన్నీ వాగ్నర్ రచనలే. 'టాన్‌హాయిజర్' సంగీతం సాగుతుండగా ఉన్నట్టుండి ఆయన చేయి తడబడింది. తల ఖాళీ అయిపోయింది. పుస్తకం ఎదుట లేదు, ఎప్పుడూ లేదు కదా. వాద్యగాళ్లు ఎలాగో కొనసాగించారు. రేడియో వాళ్లు కంగారుపడి కాసేపు వేరే రికార్డు వేశారు. ఆయన మళ్లీ సర్దుకుని మిగిలింది పూర్తి చేశాడు. చివరి అంశం కాగానే వేదిక దిగి వెళ్లిపోయాడు. చప్పట్లు మోగుతూనే ఉన్నాయి, ఆయన తిరిగి రాలేదు.

ఆ తరవాత జనం ముందు కర్ర పట్టలేదు. 1957 జనవరి 16న న్యూయార్క్‌లో కన్నుమూశాడు. తొంభై నిండడానికి ఇంకా రెండు నెలలు. శవాన్ని మిలాన్ తీసుకుపోయి అక్కడే పూడ్చారు.