ఆప్షన్ల లిస్టులో దాచిన ఇంజిన్

జాన్ డెలోరియన్ పేరు చెప్తే మన క్లబ్‌లోని సినిమా పిచ్చోళ్ళకి 1985లో వచ్చిన 'బ్యాక్ టు ది ఫ్యూచర్' గుర్తొస్తుంది. అందులో కాలంలో వెనక్కి వెళ్ళే స్టీలు కారు ఆయన కంపెనీదే. మెకానికల్ వాడిగా నాకు మాత్రం ఆయన అంతకు ఇరవై ఏళ్ళ ముందు చేసిన పాంటియాక్ జీటీఓ మీదే ప్రేమ. ఆయన పోయింది 2005లో. మన జూనియర్లలో కొంతమంది అప్పటికి పుట్టనే లేదు. అందుకే మొదట్నించీ చెప్తాను.

1925 జనవరి 6న డెట్రాయిట్‌లో పుట్టాడు. నాన్న రుమేనియా నుంచి వలస వచ్చి ఫోర్డ్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. తాగుడు అలవాటు, ఇంట్లో గొడవలు. చివరికి అమ్మానాన్నలు విడాకులు తీసుకున్నారు. పిల్లాడు మాత్రం బాగా చదివాడు. కాస్ టెక్నికల్ హైస్కూల్, తర్వాత లారెన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇంజినీరింగ్. మధ్యలో సైన్యం పిలిస్తే మూడేళ్ళు వెళ్ళి, తిరిగొచ్చి 1948లో డిగ్రీ పూర్తి చేశాడు. ప్లేస్‌మెంట్ల సీజన్లో ఉన్నవాళ్ళకి ఒక ముక్క: మనిషి అప్పట్లో బాగా మొహమాటస్తుడు. నలుగురితో మాట్లాడటం వస్తుందని కొన్నాళ్ళు ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మాడు. ఆ తర్వాత క్రైస్లర్, ప్యాకార్డ్ మీదుగా 1956లో జనరల్ మోటార్స్ వాళ్ళ పాంటియాక్ విభాగంలో చేరాడు. 1961కల్లా అక్కడ చీఫ్ ఇంజినీర్.

ఇక్కణ్ణించే కథ రంజుగా ఉంటుంది. 1963 మొదట్లో జనరల్ మోటార్స్ తన విభాగాలన్నిటినీ రేసింగ్ నుంచి తప్పుకోమంది. పాంటియాక్ అమ్మకాలు నడుస్తున్నదే రేసుల్లో తెచ్చుకున్న పేరు మీద. దాంతోపాటు ఇంకో రూలు కూడా ఉండేది: టెంపెస్ట్ లాంటి మధ్య సైజు కార్లలో 330 క్యూబిక్ ఇంచులకి మించిన ఇంజిన్ పెట్టకూడదు. మన లెక్కలో సుమారు 5.4 లీటర్లు.

డెలోరియన్ టీమ్‌లో బిల్ కాలిన్స్, రస్ గీ అని ఇద్దరు ఇంజినీర్లు ఉండేవాళ్ళు. టెంపెస్ట్‌లో వచ్చే 326 ఇంజిన్‌కీ, పెద్ద కార్లలో వాడే 389కీ బయటి కొలతలు ఒకటే. బోర్ మాత్రమే తేడా. అంటే అవే మౌంటింగుల మీద పెద్ద ఇంజిన్ చక్కగా కూర్చుంటుంది, ఏదీ కోసి అతికించక్కర్లేదు. మరి రూలు సంగతి? రూలు కారుతో మామూలుగా వచ్చే ఇంజిన్ గురించి చెప్పిందే గానీ, కొనేవాడు అదనంగా డబ్బు కట్టి తీసుకునే ఆప్షన్ గురించి ఏమీ చెప్పలేదు. అందుకని జీటీఓని కొత్త కారుగా ప్రకటించలేదు. టెంపెస్ట్ లెమాన్స్‌కి ఒక ఆప్షన్ ప్యాకేజీగా లిస్టులో పెట్టారు. ధర 295 డాలర్ల 90 సెంట్లు. పై అధికారి పీట్ ఎస్టెస్ సరేనన్నాడు. సేల్స్ వాళ్ళు మాత్రం అయిదు వేల కార్లకే ఒప్పుకున్నారు. పేరు ఫెరారీ నుంచి నేరుగా ఎత్తేసిందే, అందులో దాపరికం ఏమీ లేదు.

ఆ డబ్బుకి 325 హార్స్‌పవర్ 389 ఇంజిన్, రెండు సైలెన్సర్లు, గట్టి స్ప్రింగులు, హర్స్ట్ వారి ఫ్లోర్ గేర్ లివర్, ఎర్ర గీత టైర్లు వచ్చేవి. బానెట్ మీద గాలి పీల్చే రంధ్రాల్లా కనిపించేవి ఉత్త అలంకారం. ఇంకా జేబులో డబ్బులుంటే ట్రై-పవర్ తీసుకోవచ్చు. ఒక కార్బురేటర్ బదులు మూడు, 348 హార్స్‌పవర్. మామూలుగా నడిపేటప్పుడు మధ్యది ఒక్కటే పనిచేస్తుంది, కాలు గట్టిగా నొక్కితే మిగతా రెండూ తెరుచుకుంటాయి. నాలుగు గేర్ల బాక్సు వేరే ఆప్షన్. వెనక యాక్సిల్ నిష్పత్తి 3.23 వచ్చేది, పరుగు పందేలకి వెళ్ళేవాళ్ళకి 3.90 కూడా ఉంది. ఇవన్నీ కలిపితే ఒకే షోరూములో కొన్న రెండు జీటీఓలకి పోలికే ఉండకపోవచ్చు. ఇంత చేసి బ్రేకులు మాత్రం నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. డిస్క్ బ్రేకు 1967దాకా ఆప్షన్‌గా కూడా దొరకలేదు. పరిగెత్తించడం మీద పెట్టిన బుర్ర ఆపడం మీద పెట్టలేదని నా కోపం. కుర్రాళ్ళకి అమ్మే కారు కదా అది.

అయిదు వేలు అనుకున్నది మొదటి ఏడాదే 32,450 అమ్ముడుపోయాయి. ఆ తర్వాత పై ఆఫీసు నోరెత్తలేదు. 1965 మోడల్లో హెడ్‌లైట్లు ఒకదాని మీద ఒకటి నిలువుగా వచ్చాయి, అమ్మకాలు 75,352. 1966లో జీటీఓకి సొంత మోడల్ హోదా ఇచ్చారు, 96,946తో అదే దాని శిఖరం. పాత కార్లు కొనేవాళ్ళకి ఈ హోదా సంగతి ప్రాణం లాంటిది. 1966 నుంచి చాసిస్ నంబరు 242తో మొదలైతే అది జీటీఓ. 1964, 65 కార్లలో అది ఆప్షనే కాబట్టి నంబరు చూసి చెప్పలేం. మామూలు లెమాన్స్‌కి బ్యాడ్జీలు తగిలించి అమ్మేవాళ్ళకి అదే వరం.

1965లో నలభై ఏళ్ళకే పాంటియాక్ మొత్తానికి అధిపతి అయ్యాడు. పైవాళ్ళతో ఎలుకా పిల్లీ ఆట ఆగలేదు. 1967కి ట్రై-పవర్‌ని కంపెనీ నిషేధించింది, పాంటియాక్ ఇంజిన్‌ని 400కి పెంచింది. అదే ఇంజిన్‌ని చిన్న కారు ఫైర్‌బర్డ్‌లో పెట్టడానికి బరువుకి తగ్గ పవర్ రూలు అడ్డొచ్చింది. దానికి మందు, కార్బురేటర్ పూర్తిగా తెరుచుకోకుండా లింకేజీకి ఒక చిన్న రేకు ముక్క. కాగితం మీద పవర్ తగ్గింది. కొన్నవాడు దాన్ని వంచేసుకుంటే పెరిగింది. చదివినప్పుడు నవ్వొచ్చింది, రెండోసారి చదివితే అంత నవ్వు రాలేదు. రూలుకి అక్షరం ఒకటి, ఉద్దేశం ఇంకొకటి. ఆయన చూపంతా అక్షరం మీదే.

1968లో చిన్న దెబ్బలకి సొట్ట పడని ఎండ్యూరా బంపర్, 1969కి జడ్జ్ అనే ప్యాకేజీ వచ్చాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో ఆయన షెవర్లేకి అధిపతిగా వెళ్ళిపోయాడు. జీటీఓ ఆ తర్వాత ఎంతోకాలం నిలవలేదు. ఇన్సూరెన్స్ రేట్లు మండిపోయాయి. 1971లో మామూలు పెట్రోలుకి సరిపడేలా కంప్రెషన్ తగ్గించారు, అమ్మకాలు 10,532కి పడ్డాయి. 1972లో మళ్ళీ లెమాన్స్ ఆప్షన్ అయిపోయింది. 1974తో ఆపేశారు.

ఆయన 1973లో జనరల్ మోటార్స్ వదిలేశాడు. పొడుగు జుట్టు, సినిమావాళ్ళతో స్నేహాలు, ప్లాస్టిక్ సర్జరీ చేయించుకున్న గడ్డం... ఆ ఆఫీసులో ఆయన ఇమడలేదు. 1975లో సొంత కంపెనీ పెట్టి, ఉత్తర ఐర్లాండ్‌లో బెల్‌ఫాస్ట్ పక్కన డన్‌మరీలో ఫ్యాక్టరీ కట్టాడు. బ్రిటన్ ప్రభుత్వం అంత డబ్బు పెట్టడానికి కారణం ఉంది. అక్కడ క్యాథలిక్కులు, ప్రొటెస్టెంట్ల మధ్య నెత్తురు పారుతోంది, కుర్రాళ్ళకి పనుల్లేవు. ఈ ఫ్యాక్టరీలో రెండు వర్గాలూ ఒకే లైన్ మీద నిలబడి పనిచేశాయి. వాళ్ళలో చాలామందికి అదే మొదటి ఉద్యోగం. కారు చూడ్డానికి అద్భుతం: స్టెయిన్‌లెస్ స్టీలు ఒళ్ళు, రెక్కల్లా పైకి లేచే తలుపులు. వెనక ఇంజిన్ 130 హార్స్‌పవరే. జీటీఓ చేసిన మనిషి కారంటే ఎవరైనా ఆశపడతారు కదా! 1981, 82లలో కలిపి తొమ్మిది వేల దాకా తయారయ్యాయి, అనుకున్నంత అమ్ముడుపోలేదు, డబ్బు అయిపోయింది.

1982 అక్టోబరు 19న ఆయన్ని లాస్ ఏంజెలెస్‌లో కొకైన్ కేసులో అరెస్టు చేశారు. కంపెనీని బతికించుకోవాలన్న ఆత్రంలో ఉన్న మనిషికి పోలీసులే వల వేశారన్న వాదన నిలబడింది. 1984లో నిర్దోషిగా బయటికొచ్చాడు. తర్వాత వచ్చిన డబ్బు మోసం కేసులోనూ జ్యూరీ వదిలేసింది. ఆయనకి లాయర్లు ఉన్నారు. డన్‌మరీలో రెండు వేల మందికి పైగా జీతాలు పోగొట్టుకున్నవాళ్ళ తరఫున వాదించడానికి మాత్రం ఎక్కడా కేసే లేదు.

1999లో దివాలా తీశాడు. 2005 మార్చి 19న పక్షవాతంతో చనిపోయాడు, ఎనభై ఏళ్ళు. మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఉంది సమాధి. రాయి మీద రెక్కలు విప్పిన స్టీలు కారు బొమ్మ చెక్కించారు. నన్నడిగితే పక్కనే చిన్నగా ఒక 389 అంకె కూడా వేయాల్సింది.