క్లోరోఫామ్ ప్రాణం ఎలా తీస్తుంది? హైదరాబాద్‌లో తేల్చేద్దామనుకున్న డాక్టర్ ఎడ్వర్డ్ లారీ కథ ఇదీ!

మత్తుమందు మోతాదు మించితే ముందు ఆగేది ఊపిరా? గుండెనా? 19వ శతాబ్దంలో ప్రపంచ డాక్టర్లను రెండు వర్గాలుగా చీల్చిన ప్రశ్న ఇది. దీనికి జవాబు వెతికే పరీక్షలు లండన్‌లో కాదు, మన హైదరాబాద్‌లో జరిగాయని మీకు తెలుసా?

1847లో ఎడిన్‌బరోలో క్లోరోఫామ్ వాడకం మొదలైంది. మూడు నెలలు తిరగకుండానే, 1848 జనవరిలో ఇంగ్లండ్‌లో 15 ఏళ్ల అమ్మాయి మత్తు ఇస్తుండగానే చనిపోయింది. గుండె ఆగిందని కొందరు, ముందు ఊపిరి ఆగిందని ఇంకొందరు వాదించారు. కాబట్టి నాడి చూడాలా, ఊపిరి చూడాలా? రోగి ప్రాణం దీని మీదే ఆధారపడి ఉంది.

ఎడిన్‌బరోలో చదివిన ఎడ్వర్డ్ లారీ రెండో వర్గం. ఊపిరిని గమనిస్తే చాలన్నది ఆయన నమ్మకం. 1885లో హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, మెడికల్ స్కూల్ బాధ్యతలు చూశారు. ఆ స్కూలే నేటి ఉస్మానియా మెడికల్ కాలేజీ. ఆయన శిష్యురాలే రూపాబాయి ఫర్దూంజీ. ప్రపంచంలోనే తొలి మహిళా ఎనస్థీషియా డాక్టర్లలో ఒకరిగా ఆమెకు పేరుంది.

1888లో లారీ తొలి క్లోరోఫామ్ కమిషన్ వేశారు. ఫలితాలను లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ముందుకొచ్చి 1000 పౌండ్లు ఇచ్చారు. 1889లో లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ హైదరాబాద్ వచ్చారు. కుక్కలు, కోతులు సహా 400కు పైగా జంతువులపై పరీక్షలు చేశారు. రక్తపోటును, ఊపిరిని గీతల రూపంలో నమోదు చేశారు. ముందు ఆగేది ఊపిరేనని కమిషన్ తేల్చింది. లారీ గెలిచారు!

కానీ కథ అక్కడితో అయిపోలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అసలు విషయం బయటపెట్టారు. మత్తు తక్కువగా ఉన్నప్పుడు కూడా క్లోరోఫామ్ గుండె లయను ఒక్కసారిగా దెబ్బతీసి చంపగలదని పిల్లులపై చేసిన ప్రయోగాల్లో చూపించారు. లారీ కమిషన్ ఎక్కువగా చూసింది మోతాదు మించిన మరణాలనే. అందుకే ఈ రెండో దారి వాళ్లకు చిక్కలేదు. అంటే ఊపిరిని గమనించాలన్న మాట నిజమే. గుండెను పట్టించుకోనక్కర్లేదన్నదే పొరపాటు.

లారీ పట్టుదల అలాంటిది మరి. మలేరియా పరాన్నజీవి ఉందన్న మాటనూ ఆయన ఒప్పుకోలేదు. అదే సమయంలో సికింద్రాబాద్‌లో పనిచేస్తున్న రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న బేగంపేటలో దోమ కడుపులో ఆ పరాన్నజీవిని పట్టుకున్నారు.

1915లో లారీ కన్నుమూశారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1908 మూసీ వరదల్లోనే పోయింది. ఆపరేషన్లలో క్లోరోఫామ్ కూడా ఇప్పుడు లేదు. ఈరోజు ఆపరేషన్ థియేటర్‌లో గుండె, ఊపిరి, ఆక్సిజన్ మూడింటినీ మానిటర్ చూస్తూనే ఉంటుంది. విషం లేదా మందుల ఓవర్‌డోస్ అనుమానం ఉంటే రక్తం, మూత్రం ల్యాబ్‌కి వెళ్తాయి. అయితే ఏ ఒక్క పరీక్షా అన్ని మందుల్నీ పట్టలేదు. అందుకే ఇంట్లో ఎవరికైనా అలా జరిగితే, వాళ్లు తీసుకున్న మాత్రల షీటో, సీసానో వెంట తీసుకెళ్లండి. ఏం వెతకాలో డాక్టర్‌కి తెలిస్తే వైద్యం త్వరగా మొదలవుతుంది.