జకార్డు అంటే ఒక మనిషి పేరు

చిన్నప్పటి నుంచీ జకార్డు అంటే నాకు మా నాయన పనిచేసే కార్ఖానాలో మగ్గం నెత్తిన కూర్చున్న ఇనుప పెట్టె. దాని మీంచి దండలాగా వేలాడే అట్టలు, అట్టల నిండా రంధ్రాలు, చెవులు గింగురుమనే చప్పుడు. అది ఒక మనిషి పేరని కాలేజీకి వచ్చాకే తెలిసింది. మన సోలాపూర్ చద్దరు మీద నెమలి పడినా పువ్వు పడినా అంతా ఆ మనిషి పుణ్యమే అని ఇంట్లో చెప్తే మా నాయనమ్మ నమ్మలేదు. నేత మనవాళ్ళది కదా, మధ్యలో ఈ తెల్లాయన ఎవడని ఆమె ప్రశ్న. అందుకే ఈసారి గోడపత్రికకి ఆయన కథ.

జోసెఫ్ మరీ జకార్డు 1752 జూలై 7న ఫ్రాన్సులోని లియోన్ నగరంలో పుట్టాడు. తండ్రి పట్టు నేత మేస్త్రీ. పిల్లవాడికి పదమూడేళ్ళ దాకా చదువు రాదు. పుస్తకాల వ్యాపారం చేసే బావ అక్షరాలు నేర్పించాడు. తండ్రి పోయాక చేతికొచ్చిన ఇల్లూ మగ్గాలూ నిలబెట్టుకోలేక అప్పుల పాలయ్యాడు. 1793లో విప్లవ సైన్యం లియోన్‌ను ముట్టడించినప్పుడు నగరం తరఫున పోరాడి, తర్వాత ఊరు వదిలి పారిపోయి, కొడుకుతో పాటు అదే సైన్యంలో చేరాడు. కొడుకు యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి ఆయనకి నలభై దాటాయి. పేరు పడ్డ పని ఇంకా ఏదీ చేయలేదు.

ఆ రోజుల్లో పువ్వులున్న పట్టు నేయాలంటే ఇద్దరు కావాలి. నేత మనిషి నాడె విసురుతుంటే, ఇంకొకరు మగ్గం పక్కన నిలబడి ఏ పోగులు లేవాలో ఆ తాళ్ళు గుంజాలి. ఒక్కో పేకకీ ఒకసారి, పొద్దంతా. లియోన్‌లో ఈ పనికి ఎక్కువగా పల్లెల నుంచి వచ్చిన పేద ఆడపిల్లలే ఉండేవాళ్ళు. నడుములు వంగిపోయేవి. జకార్డు జీవితచరిత్రల్లో ఈ పిల్లల పేర్లు ఎక్కడా కనపడవు, నేను వెతికాను.

ఆయన తీసేసింది ఆ తాళ్ళు గుంజే పనినే. అట్టలో రంధ్రం ఉన్నచోట సూది లోపలికి పోతుంది, దాని కొక్కెం పడుగు పోగుని పైకి లేపుతుంది. రంధ్రం లేనిచోట సూది వెనక్కి జరుగుతుంది, పోగు లేవదు. ఒక పేకకి ఒక అట్ట. అట్టలన్నీ వరసగా కుడితే డిజైను. ఆలోచన మొత్తం ఆయనది కాదు. బూషాన్, ఫాల్కన్, వోకాన్సన్ అనే ముగ్గురు 1725 నుంచి ఒకరి తర్వాత ఒకరు ప్రయత్నించారు. పారిస్‌లో మూలపడి ఉన్న వోకాన్సన్ యంత్రాన్ని చూసి, 1804లో ఈయన అన్నిటినీ కలిపి నడిచేట్టు చేశాడు. తర్వాత బ్రెటన్ అనే మెకానిక్కు దాని లోపాలు సరిచేశాడు. కానీ పేరు మాత్రం ఒక్కరికే మిగిలింది!

1805లో నెపోలియన్ ప్రభుత్వం యంత్రాన్ని లియోన్ నగరానికి సొంతం చేసి, జకార్డుకి ఏడాదికి 3,000 ఫ్రాంకుల పింఛను ఇచ్చింది. ఆరేళ్ళ పాటు పెట్టిన ప్రతి మగ్గానికీ 50 ఫ్రాంకులు అదనం. నేతవాళ్ళకి మొదట కోపమొచ్చింది. యంత్రాన్ని వీధిలో కాల్చేశారనీ, ఆయన ప్రాణం దక్కించుకుని పరుగెత్తాడనీ చెప్పుకుంటారు. అయినా కొన్నేళ్ళలోనే మగ్గాలు వేలకి చేరాయి.

ఇక్కడే నాకు ఆశ్చర్యం వేసింది. యంత్రం వస్తే పని పోతుందని కదా మనం అనుకునేది. లియోన్‌లో నేతపని పోలేదు, పెరిగింది. మగ్గం నేతవాడిదే, పట్టు మాత్రం షావుకారుది, రేటు కూడా షావుకారే కట్టేవాడు. గుడ్డ జల్దీ దిగుతున్నా కూలి పెరగలేదు. 1831 నవంబరులో నేతవాళ్ళు తిరగబడి కొన్ని రోజులు నగరాన్నే పట్టుకున్నారు. వాళ్ళు అడిగింది యంత్రాలు తీసేయమని కాదు, ఒప్పుకున్న కూలి రేటు ఇవ్వమని. సైన్యం వచ్చింది, రేటు రద్దయింది. 1834 ఏప్రిల్లో మళ్ళీ లేస్తే వందలమంది చచ్చిపోయారు. అదే ఏడు ఆగస్టు 7న, లియోన్ పక్కనే ఊలాన్ అనే ఊళ్ళో, పింఛను తీసుకుంటున్న ముసలి జకార్డు కన్నుమూశాడు. ఆ కాల్పుల గురించి ఆయన ఏమనుకున్నాడో తెలుసుకోవాలని నాకు చాలా ఉంది.

ఆయన పోయాక ఆయన బొమ్మనే దాదాపు 24,000 అట్టలతో పట్టు మీద నేశారు. అలాంటి బొమ్మ ఒకటి ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ ఇంట్లో ఉండేది. ఆయన తన లెక్కల యంత్రానికి ఆ అట్టల పద్ధతినే ఎంచుకున్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కల్ని హాలరిత్ లెక్కపెట్టింది కూడా రంధ్రాల అట్టలతోనే. అంటే కంప్యూటర్ పుట్టిల్లు మగ్గమే.

మా కాక పాతికేళ్ళు అట్టలు కొట్టాడు. గీతల కాగితం మీద డిజైను చూసుకుంటూ ఒక్కో రంధ్రం. వాళ్ళ సేటు కంప్యూటర్ జకార్డు తెచ్చాక డిజైను పెన్‌డ్రైవ్‌లో వస్తోంది. కాక ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. మా నాయన పని ఉంది, ఇదివరకటి కంటే ఎక్కువ మగ్గాలు చూస్తున్నాడు కూడా. పీసు రేటు మాత్రం అక్కడే ఉంది. అమ్మ ఇంకా బీడీలు చుడుతూనే ఉంది.

పాత అట్టల దండ ఒకటి మా అటక మీద ఉంది. ఎలుకలు కొరకకుండా నాయనమ్మ గోనెసంచిలో కట్టి పెట్టింది. అది ఏ పువ్వో ఏ నెమలో చూసి చెప్పగలిగేది మా ఇంట్లో కాక ఒక్కడే.