జాన్ స్టూవర్టు మిల్లు మహాశయుని బాల్యవిద్య

తమ బిడ్డలు ఈడువారికంటె ముందుగా విద్యావంతులు కావలెనని కోరని తలిదండ్రులు అరుదు. అక్షరాభ్యాసమునకు అయిదవయేడు వచ్చువరకు ఆగనేల యని మూడవయేటనే పలక చేతికిచ్చువారు కలరు. లేతవయస్సున బుద్ధికి బరువు పెట్టినచో దేహమును మనస్సును చెడునని బెదరువారును కలరు. ఈ యుభయపక్షములవారును విచారింపదగిన చరిత్ర యొకటి ఇంగ్లండు దేశమున జరిగియున్నది. మూడవయేట విద్యారంభము చేసి, పదునాలుగేండ్లు నిండువరకు పాఠశాల గడప త్రొక్కక, తండ్రియొద్దనే సర్వమును నేర్చి, తన కాలపు మహామేధావులలో నొకడైన జాన్ స్టూవర్టు మిల్లు మహాశయుని చరిత్రమది. ఆయన తన విద్యాభ్యాసమునుగూర్చి దాపరికము లేక స్వీయచరిత్రమున వ్రాసియుంచెను. ఆయన మరణించిన 1873వ సంవత్సరముననే ఆ గ్రంథము ప్రకటింపబడెను. ముఖ్యముగా దానినే యాధారముగా గొని ఈ వృత్తాంతమును చెప్పుచున్నాము.

తండ్రియగు జేమ్సు మిల్లు 1773వ సంవత్సరమున స్కాట్లండులో నొక పల్లెయందు జన్మించెను. జేమ్సు తండ్రి చెప్పులు కుట్టి కుటుంబమును పోషించువాడు. సర్ జాన్ స్టూవర్టు అను భాగ్యవంతుని సాయమున జేమ్సు ఎడింబరో విశ్వవిద్యాలయమున చదివి, క్రైస్తవ మతబోధకుడగుటకు అర్హత పొందెను. కాని పిమ్మట ఆ మతమునందు విశ్వాసము కోలుపోయెను. 1802లో లండను చేరి పత్రికలకు వ్యాసములు వ్రాసి జీవించుచుండెను. 1806 మే 20వ తేదీని ఆయనకు పెద్దకుమారుడు కలిగెను. ఉపకారి పేరే ఆ బిడ్డకు పెట్టెను. తరువాత మరి యెనమండుగురు సంతానము కలిగిరి. ఆ దినములలోనే జేమ్సు మిల్లు హిందూదేశచరిత్రమును వ్రాయ నారంభించెను. ఈ దేశమునకు ఎన్నడును రాక, ఇచ్చటి భాషలలో నొక్కటియైన నెరుగక, మనవారి మతమును ఆచారములను కఠినముగా నిందించుచు వ్రాసిన గ్రంథమది. 1817లో అది ముగిసెను. అది వ్రాయుచు, పత్రికలకు వ్రాసి తొమ్మండుగురు బిడ్డలను పోషించుచు, ఆయన తన కుమారునకు స్వయముగా చదువు చెప్పెను.

బాలునకు మూడవయేట గ్రీకుభాష మొదలుపెట్టబడెను. గ్రీకుపదములను వాని యర్థములతో చిన్న యట్టముక్కలమీద తండ్రి వ్రాసి యిచ్చుచుండెను. వ్యాకరణమునకు ముందు పదములు, పదములవెంటనే కథలు. ఈసపు కథలు మొదట, తరువాత జెనొఫను గ్రంథము. ఎనిమిదవయేడు వచ్చులోపల హెరొడొటసు వ్రాసిన చరిత్ర యంతయు, ప్లేటో సంవాదములలో ఆరును ఆ పసివాడు చదివెను. ఆ సంవాదములలో తుదిది తనకు తెలియుట అసాధ్యమని, దానిని తప్పించినచో బాగుండెడిదని మిల్లు తరువాత వ్రాసెను. సాయంకాలములందు లెక్కలు చెప్పబడెడివి. అవి యెంత వెగటుగా నుండెనో పెద్దవాడైన పిదపను ఆయన మరువలేదు.

ఈ విద్యయంతయు జరిగినచోటు తండ్రి వ్రాసికొను బల్లయే. ఒక వైపున తండ్రి తన గ్రంథమును వ్రాయుచుండెను. రెండవ వైపున బాలుడు గ్రీకు చదువుచుండెను. ఆ కాలమున గ్రీకుపదములకు ఇంగ్లీషున అర్థము చెప్పు నిఘంటువు లేదు. లాటినులో చెప్పునవే కలవు. బాలునకు ఇంకను లాటిను రాదు. కావున తెలియని ప్రతి పదమునకును తండ్రినే యడుగవలసివచ్చెను. తండ్రి స్వభావముచేత మిక్కిలి ఓర్పులేనివాడు. అయినను తన వ్రాత కలుగు ఆటంకమును సహించి ప్రతి ప్రశ్నకును బదులు చెప్పెను. ఆయన గుణములలో మేమెన్నదగినవానిలో ఇది మొదటిది. జీతగానిని కుదిర్చి తాను తప్పుకొనుటగాక, తన కూడుసంపాదించు గడియలలోనుండియే బిడ్డకు భాగము పెట్టెను.

1810 మొదలు 1813 వరకు ఆ కుటుంబము లండనునకు ఉత్తరముననున్న న్యూయింగ్టన్ గ్రీను అను గ్రామమున వసించెను. ప్రొద్దుట ఫలాహారమునకు ముందు తండ్రియు కొడుకును పచ్చని సందులవెంట నడచిపోవుచుండిరి. క్రిందటి దినమున చదివినదానిని బాలుడు కాగితపుముక్కలమీద గురుతు వ్రాసికొని, నడచుచు తండ్రికి కథగా చెప్పెడివాడు. బాలురకు వ్రాయబడిన పుస్తకములు ఆ యింట కొద్దిగానే యుండెను. రాబిన్సను క్రూసో కథ మాత్రము బాల్యమంతయు ఆయనకు ఆనందము కలిగించెను.

ఎనిమిదవయేట లాటిను నారంభించిరి. అప్పటినుండి తాను నేర్చినదానిని చెల్లెలికి నేర్పవలసిన భారము ఆ బాలునిమీద పడెను. క్రమముగా తక్కిన తమ్ములు చెల్లెండ్రును ఆతని శిష్యులైరి. వారికి పాఠము రానిచో తండ్రియెదుట తాను జవాబుదారియగుచుండెను. పండ్రెండవయేట అరిస్టాటిలు తర్కశాస్త్రమును, పదుమూడవయేట అర్థశాస్త్రమును నేర్చెను. రికార్డో సిద్ధాంతములను తండ్రి నడకలో నోట చెప్పగా, మరునాడు బాలుడు వానిని వ్రాసి తెచ్చెను. స్పష్టముగా లేనిచో మరల మరల వ్రాయించెను. ఆ వ్రాతలే తండ్రి 1821లో ప్రకటించిన అర్థశాస్త్రగ్రంథమునకు ఆధారములయ్యెను.

ఈ పద్ధతియందు రెండు గుణములను మేము ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మొదటిది: వల్లెవేయించుట దాదాపు లేదు. తన బుద్ధిచేత కనుగొనగలిగినదానిని బాలుడు ప్రయత్నించి యలసినదాక తండ్రి చెప్పెడివాడు కాడు. రెండవది: పొగడ్త దరిజేరకుండ కావలి కాచెను. తాను ఈడువారికంటె ఎక్కువ యెరిగినవాడనని ఆ బాలునకు తెలియనే తెలియదు. తండ్రి కోరినంత తనకు రాలేదనియే యనుకొనుచుండెను. పదునాలుగవయేట ఫ్రాన్సు దేశమునకు వెళ్లబోవు సమయమున, హైడు పార్కు అను తోటలో నడచుచు, తండ్రి ఆతనికి మొదటిసారి ఈ సంగతి తెలిపెను. ఇతరులకు తెలియనివి తనకు తెలియుట తన ఘనత కాదనియు, శ్రమించి చెప్పదలచిన తండ్రి దొరకుట అను అదృష్టమువలన కలిగినదేననియు బోధించెను. చుట్టములు వచ్చినప్పుడెల్ల నాలుగేండ్ల బిడ్డను నిలువబెట్టి పద్యములు చదివించి మురియువారు ఈ విషయమును మనస్సున నుంచుకొందురుగాక.

ఇక రెండవవైపు సాక్ష్యమును విచారింతము. ఇతర బాలురతో సాంగత్యము కూడదని తండ్రి నిషేధించెను. పని యలవాటు చెడునని సెలవుదినములే యిచ్చుట లేదు. ఆటలు లేనందున ఆ బాలుని చేతులకు నేర్పు రాలేదు. నిత్యజీవనమునందలి చిన్నపనులలో బహుకాలము తడబడుచుండెను. తండ్రి చేయశక్యముకానివానిని గూడ కోరి, జరుగనప్పుడు కోపించెడివాడు. బిడ్డలయెడ ప్రేమ లేనివాడు కాడు; ప్రేమను వెలిబుచ్చుట బలహీనత యని తలచినవాడు. కావున ఆ యింట విద్యకు తోడుగా భయము నిలిచెను. తల్లి హారియెటు తొమ్మండుగురు బిడ్డలను కని పెంచెను. ఆమెనుగూర్చి కుమారుని స్వీయచరిత్రమున చెప్పదగిన మాట యొక్కటియు లేదు. ఆ మౌనము మమ్మెంతయో కలతపెట్టినది. ఒకే యింటిలో బిడ్డ బుద్ధిని తండ్రి తీసికొనెను. దేహపోషణమాత్రము తల్లికి మిగిలెను.

1819లో తండ్రికి లండనులోని ఈస్టిండియా కంపెనీ కార్యాలయమున ఉద్యోగము దొరకెను. 1823లో పదునేడేండ్ల వయస్సున కుమారుడును అందే ప్రవేశించి 1858వరకు 35 సంవత్సరములు కొలిచెను. బెంథాము సిద్ధాంతములను అనుసరించి లోకమును సంస్కరింపవలెనను ఉత్సాహముతో వ్యాసములు వ్రాయుచు, సభలలో వాదించుచు నుండెను. 1826వ సంవత్సరమున, ఇరువది యేండ్ల ప్రాయమున, ఆయనకొక విపత్తు సంభవించెను. తాను కోరు సంస్కరణములన్నియు ఈ క్షణమున నెరవేరినచో తనకు ఆనందము కలుగునా యని తన్ను తాను ప్రశ్నించుకొనెను. కలుగదని అంతరాత్మ బదులు చెప్పెను. అంతటితో జీవితమునకు ఆధారమైనదంతయు కూలిపోయెను. పని యలవాటుచొప్పున సాగుచుండెను. మనస్సు మాత్రము ఎండిన చెరువువలె నుండెను. నెలలు గడచినను ఆ దుఃఖము తీరలేదు. ఎవరితోనైనను చెప్పుకొందమన్నను చెప్పుకొనదగినవారు లేకపోయిరి. గ్రీకుపదమునకు అర్థము నిమిషనిమిషమును ఎవరి నడిగెనో, ఆ తండ్రికే ఈ బాధను చెప్పజాలకపోయెను.

తరువాత నొకనాడు మార్మొంతెలు అను ఫ్రెంచి గ్రంథకర్త స్వీయచరిత్రమును చదువుచుండగా, తండ్రి మరణించినప్పుడు బాలుడైన ఆ గ్రంథకర్త ఇంటివారికెల్ల తానే ఆధారమగుదునని నిశ్చయించుకొను ఘట్టము వచ్చెను. మిల్లు కన్నుల నీరు క్రమ్మెను. తన హృదయము చావలేదని ఆ కన్నీటివలన తెలిసికొనెను. 1828లో వర్డ్సువర్తు కవి పద్యములు చదివి, ప్రకృతిసౌందర్యమునందును సామాన్య మానవుల సుఖదుఃఖములందును శాంతిని కనుగొనెను. విమర్శించు బుద్ధి యెంత యవసరమో, మనోభావములను పోషించుటయు అంత యవసరమని అప్పటినుండి నమ్మెను. కలకత్తాలో రాజా రామమోహనరాయలవారు బ్రహ్మసభను స్థాపించినదియు ఆ సంవత్సరముననే. దూరదేశములందున్న ఇరువురు సంస్కర్తలు, యుక్తి మాత్రము చాలదను సంగతిని వేర్వేరు త్రోవల గ్రహించిరి. మిల్లు దైవారాధనకు వచ్చినవాడని మేము చెప్పుట లేదు. తండ్రి ఆయనను ఏ మతమును లేకుండ పెంచెను. జీవితాంతము ఆయన ఏ సమాజమునను చేరలేదు. ఉన్నదున్నట్లు చెప్పుటయే సత్యమును కొలుచువారికి తగినది.

పిదప ఆయన చేసిన కార్యములు లోకవిదితములు. 1843లో తర్కశాస్త్రమును, 1848లో అర్థశాస్త్రమును, 1859లో స్వాతంత్ర్యమునుగూర్చిన గ్రంథమును ప్రకటించెను. 1865లో పార్లమెంటు సభ్యుడయ్యెను. 1867లో స్త్రీలకును ఓటుహక్కు నీయవలెనని సవరణ ప్రతిపాదింపగా, 73 మంది అనుకూలముగను 196 మంది ప్రతికూలముగను ఓటుచేసిరి. ఓడినను ప్రశ్న చావలేదు. 1869లో స్త్రీల పరాధీనతనుగూర్చి గ్రంథము వెలువరించెను. భార్యాభర్తలకు సమత్వము లేని గృహము బిడ్డలకు ఒకవైపు అధికారమును, రెండవవైపు లొంగుబాటును నేర్పు పాఠశాల యగునని అందు వాదించెను. తన తల్లినిగూర్చి మౌనము వహించిన కుమారుడే ఈ వాక్యములను వ్రాసినవాడు.

తన విద్యనుగూర్చి మిల్లు తీర్పు తండ్రికి అనుకూలమే. సమవయస్కులకంటె పాతికేండ్లు ముందుగా తాను బయలుదేరగలిగితినని ఆయన లెక్కవేసెను. సాధారణబుద్ధిగల ఏ బిడ్డయైనను ఇంత నేర్వగలడని తలచెను. ఈ రెండవమాట వినయమువలన వచ్చినదని మా యభిప్రాయము. మొదటిది మాత్రము కాదనరానిది. ఇంట చిన్ననాడే చెప్పిన చదువు వ్యర్థము కాలేదు. కాని ఆ పాతికేండ్ల లాభములోనుండి ఇరువదవయేటి చీకటిని తీసివేసి లెక్క చూడవలెను. ఆ చీకటికి కారణము మూడవయేట గ్రీకు మొదలుపెట్టుట యని మేము తలపము. బల్లయొద్ద చోటు దొరకిన బిడ్డకు తండ్రి హృదయమున చోటున్నదని తెలియకపోవుటయే దానికి ముఖ్యకారణము.

కావున సోదరులారా, పసివానికి పలక నిచ్చుటకు ముందు ఏయేట నీయవలెనని యడుగుట చాలదు. మీరు స్వయముగా ప్రక్కన కూర్చుండగలరా? వాని ప్రశ్నకు మీ పని నాపి బదులు చెప్పగలరా? పాఠము రాని దినమునను వాడు మీ యొడిలోనికి జంకక రాగలడా? వాని తల్లి ఆ పాఠము విని ఆనందింపగల విద్యను ఆమెకు మీరు చెప్పించితిరా? వీనికి ఔనని చెప్పగలవారు మూడవయేట మొదలిడినను కీడు లేదు. కాదని చెప్పవలసినవారు అయిదవయేటివరకు ఆగినను మేలు లేదు. ఇంట తల్లియు తండ్రియు బిడ్డలతో కలసి కూర్చుండి చదువుటయు, కలసి పరమేశ్వరుని ప్రార్థించుటయు, కలసి ఆడుకొనుటయు ఒక్క విద్యయే. ముందుగా మనము నేర్వవలసినది అదియే.