ఏటేటా ఓ చిన్న అంగీ

విజయవాడ దారిలో వచ్చే బస్సులు ఎల్‌.బి.నగర్‌లో ఆగితే, సంచులతో దిగే తల్లులను మనం చూస్తుంటాం. దిల్‌సుఖ్‌నగర్‌ హాస్టళ్లలో చదువుకుంటున్న పిల్లల కోసం వస్తారు వారు. పచ్చళ్ల సీసాల మధ్య ఒక్కోసారి చేత్తో అల్లిన ఊలు స్వెట్టర్‌ కూడా ఉంటుంది. వారిని చూస్తే మనకు హన్నా గుర్తుకొస్తుంది.

హన్నా ఎఫ్రాయిము మన్యంలో ఉండే ఎల్కానాకు భార్య. పిల్లలు లేరని సవతి పెనిన్నా ఆమెను ఎత్తిపొడిచేది. షిలోహు మందిరంలో ఆమె పెదవులు మాత్రమే కదుపుతూ కన్నీటితో ప్రార్థిస్తుంటే, తాగి ఉందని యాజకుడైన ఏలీ పొరబడ్డాడు. మగబిడ్డను ఇస్తే దేవునికే అర్పిస్తానని ఆమె మొక్కుకుంది. సమూయేలు పుట్టాడు. పాలు మాన్పించగానే ఆమె మాట నిలబెట్టుకుంది. పసివాణ్ని మందిరంలో అప్పగించి ఇంటికి వెళ్లింది.

ఏటేటా బలి అర్పించడానికి వచ్చినప్పుడు ఆమె కొడుక్కి ఓ చిన్న అంగీ కుట్టి తెచ్చేది. కొలత తీసుకుందామంటే బిడ్డ దగ్గర లేడు. ఈ ఏడు ఎంత ఎదిగి ఉంటాడో ఊహించి కుట్టాల్సిందే. అంటే ప్రతి కుట్టులోనూ బిడ్డను తలచుకోవాల్సిందే. తర్వాత ఆమెకు మరో ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు కలిగారు.

ఆ చిన్న అంగీకి హెబ్రీ గ్రంథం వాడిన ‘మెయీల్‌’ అనే మాటనే, ముసలి ప్రవక్త సమూయేలు వస్త్రానికీ వాడింది.

దేవునికి అప్పగించడమంటే చేతులు దులుపుకోవడం కాదు. దూరాన ఉన్న మన బిడ్డల ఎదుగుదల మన కంటికి కనిపించకపోవచ్చు, దేవునికి తెలుసు. మన ప్రార్థన, మన చేతిపని మాత్రం ఏటేటా ఆగకూడదు.