ఆరంకెలతో ఉత్తరాలకు దారి చూపిన వేలంకర్‌

చిరునామా చివర పిన్‌కోడ్‌ రాయడం నేడు అందరికీ అలవాటే. దానిని రూపొందించిన అధికారి పేరు మాత్రం కొద్దిమందికే తెలుసు. ఆయనే శ్రీరామ్‌ భికాజీ వేలంకర్‌. వృత్తిరీత్యా తపాలా అధికారి, ప్రవృత్తిరీత్యా సంస్కృత కవి.

వేలంకర్‌ 1915లో మహారాష్ట్రలోని కొంకణ ప్రాంతంలో జన్మించారు. తంతి తపాలా శాఖలో చేరి, అంచెలంచెలుగా ఎదిగి కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రిత్వ శాఖలో అదనపు కార్యదర్శి అయ్యారు. తంతి తపాలా బోర్డులో సీనియర్‌ సభ్యులుగానూ వ్యవహరించారు.

జ్ఞాపకశక్తే ఆధారం

ఆ రోజుల్లో ఉత్తరాల విభజన సార్టర్ల జ్ఞాపకశక్తి మీదే నడిచేది. కదిలే రైలులోని తపాలా బోగీలో నిలబడి, ఒక్కొక్క చిరునామా చదివి, ఏ ఊరికి ఏ దారిన పంపాలో గుర్తుచేసుకుని అరల్లో వేసేవారు. కొత్తపల్లి, రామాపురం వంటి పేర్లతో మన ప్రాంతంలోనే ఎన్నో గ్రామాలున్నాయి. పైగా తెలుగులో రాసిన చిరునామా ఉత్తరాది సార్టరుకు చదవరాదు. ఉత్తరం దారి తప్పితే ఇంటర్వ్యూ తేదీ దాటిపోవచ్చు, ఆప్తుల అనారోగ్య వార్త ఆలస్యంగా అందవచ్చు.

అంకెలే గుర్తు

ఈ చిక్కుకు వేలంకర్‌ చూపిన పరిష్కారమే 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చిన పిన్‌కోడ్‌. దేశాన్ని ఎనిమిది ప్రాంతీయ జోన్లుగా విభజించి, తొమ్మిదో అంకెను సైనిక తపాలాకు కేటాయించారు. మొదటి అంకె జోన్‌ను, రెండోది ఉప జోన్‌ను, మూడోది సార్టింగ్‌ జిల్లాను తెలుపుతాయి. చివరి మూడు అంకెలు బట్వాడా చేసే కార్యాలయాన్ని సూచిస్తాయి. ఊరి పేరు చదవలేని సార్టరు సైతం మొదటి మూడు అంకెలు చూసి ఉత్తరాన్ని సరైన సంచిలో వేయగలిగాడు. మన వాటాకు 50 నుంచి 53 వరకు అంకెలు వచ్చాయి. హైదరాబాద్‌ జీపీవోకు 500001, విజయవాడకు 520001 అలా దక్కినవే. 2014లో రాష్ట్రం విడిపోయినా ఈ అంకెలు మారలేదు.

కవిగానూ ఖ్యాతి

ఉద్యోగ బాధ్యతల నడుమ కూడా వేలంకర్‌ కలం వీడలేదు. ఆయన గ్రంథాలు నూరుకు పైమాటే, వాటిలో అధికభాగం సంస్కృతంలోనివే. ముందు నుంచి చదివితే రామునికి, వెనుక నుంచి చదివితే కృష్ణునికి అన్వయించే విలోమ కావ్యం రచించారు. సంస్కృత సేవకు గుర్తింపుగా 1996లో రాష్ట్రపతి పురస్కారం అందుకున్నారు. 1999లో కన్నుమూశారు.

భాషను ప్రాణంగా ప్రేమించిన ఈ పండితుడు ఏ భాషా రాకున్నా అర్థమయ్యే గుర్తును ఉత్తరానికి ఇచ్చారు. కొరియర్‌ సంస్థలు, ఆన్‌లైన్‌ దుకాణాలు కూడా ఆ అంకెలనే అడుగుతున్నాయి. కచ్చితమైన స్థలాన్ని గుర్తించే డిజిపిన్‌ను తపాలా శాఖ 2025లో తెచ్చినా, పిన్‌కోడ్‌ను తొలగించలేదు.