కొమర్రాజు వారు మిగిల్చిన అక్షరాలు

పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల మధ్య నుంచి కాలేజీకొచ్చే నాకు కొమర్రాజు లక్ష్మణరావు గారంటే ప్రత్యేకమైన గౌరవం. 1877లో పెనుగంచిప్రోలులో పుట్టి, నాగపూరులో చదువుకుని, మరాఠీలోనూ రచనలు చేసిన పండితుడాయన. ఉస్మానియా (1918), ఆంధ్ర (1926) విశ్వవిద్యాలయాలింకా లేని కాలం. 1906లోనే హైదరాబాదులో మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టారు. లింకన్ చరిత్రతో మొదలుపెట్టి చరిత్ర, శాస్త్ర గ్రంథాలు తెలుగులో రాయించి అచ్చువేయించారు. ఆ తర్వాత విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, తొలి అక్షరాల దగ్గరుండగానే 1923లో, 46 ఏళ్లకే కన్నుమూశారు.

1968లో వచ్చిన తెలుగు అకాడమీ కాలేజీ పాఠ్యపుస్తకాలు తెచ్చింది, నిజమే. కానీ యూనివర్సిటీ ప్రెస్సు పని పరీక్షలతోనే తీరిపోతుందా? సంగారెడ్డి బస్సులో మన పక్కన కూర్చున్న కార్మికుడికి, తాను రోజూ ముట్టుకునే రసాయనం సంగతి చెప్పే పుస్తకం ఎవరు వేస్తారు? మిత్రులారా, ఆయన మిగిల్చిన అక్షరాలు మన వంతు!